మా గిటారు అక్క

ధర్మవరమునుండి హిందూపురము వచ్చు ప్యాసింజరు బండిలో, పట్టుచీరల మూటల నడుమ, నల్లని పెట్టె నొకదానిని పసిబిడ్డవలె హత్తుకొని కూర్చుండెడి ఆమెను మేమిద్దరు అక్కచెల్లెండ్రము మరువలేము. ఆ పెట్టెలో గిటారుండెడిది.

ఆమె బెంగుళూరున పెరిగి ధర్మవరమున మగ్గముల ఇంటికి కోడలై వచ్చెను. సారెతోపాటు గిటారును దించగా వీధివారు వింతపడిరట. అత్తగారు మాత్రము, "మగ్గం చప్పుడుకంటే ఇదే నయం" అని ఊరకుండిరి. అట్టి అత్తగార్లెందరు గలరు!

ఆమె వాయించినది సినిమాపాట గాదు. అమెరికాలో కెంటకీ సీమవాడైన బిల్ మన్రో 1940 దశకమున రూపమిచ్చిన బ్లూగ్రాస్ సంగీతము. ఆయన మేళము పేరే దానికి నిలిచెను. అందు ఫిడేలు, మాండొలిను, బాంజో వంతులవారీగా ముందునకు వచ్చి మెరయును. గిటారు వెనుక నిలిచి లయ పట్టవలెను. ఫిడేలు వరుసలను అదే వడితో గిటారుపై పలికించి, దానిని ముందునకు తెచ్చినవారిలో డాక్ వాట్సన్ (1923–2012) ముఖ్యుడు. శైశవముననే చూపు పోయినవాడు. ఆయన రికార్డులు విని వినియే అక్క నేర్చుకొనెను.

ఆదివారములందు మా ఇంట మేము పాడెదము, ఆమె వాయించును. మా శ్రుతి తప్పినచోట తీగె మెల్లగా మీటి దారికి తెచ్చెడిది. విన్నవారు మా కంఠములనే మెచ్చిరి. మేమును ఆ మెప్పులో ఆమెకు పాలు పెట్టలేదు. ఒకనాడు సిగ్గుపడి, "నీవొక్కతివే వాయించవేమక్కా?" అని అడిగితిమి.

"చీర చూసేవాళ్లు బుటా చూస్తారు గానీ పడుగు చూస్తారా? తెగితే గదా తెలిసేది!" అని నవ్వెను.

పెనుకొండలో, గగనమహలు చెంత, ఒక్కసారి మాత్రము మేమడుగకయే ఒంటరిగా వాయించెను. చేతి పిక్కు కంటికి ఆననంత వడి. అయినను ప్రతిస్వరమును విడివిడిగా, స్పష్టముగా పలికెను. ఇది మేము తరువాత గ్రహించిన మాట. ఆనాడు పులిహోర మూట విప్పుచు, ఉప్పు తక్కువైనదని వాదులాడుచుంటిమి. మా పిల్లవాడు దానిని ఫోనులో పట్టెను.

అక్క జబ్బుచేసి పోయి రెండేండ్లయినది. ఆమె వాయించినదానిలో మాకు మిగిలినవి ఆ మూడు నిమిషములే. అందు సగము మా మాటలే వినబడును. ఆ మాటల క్రిందినుండి గిటారును ఏరుకొని వినుచున్నాము. కడపట, "అప్పుడే అయిపోయిందా అక్కా?" అని మా గొంతు.

"మళ్లీ వాయిస్తాలే, మీరు తినండి" అని ఆమె గొంతు.