ఈల, స్టాప్‌వాచీ... ఓ ల్యాప్‌టాపూ!

పల్లెటూరి పీఈటీ సారు ఆస్తి ఏమిటంటే ఏం చెబుతాం? మెళ్లో ఈల, చేతిలో స్టాప్‌వాచీ, జేబులో నలిగిపోయిన నోటుపుస్తకం, గ్రౌండులో గీతలు గీయడానికో సున్నం బస్తా. వీటితోనే పిల్లల్ని రాష్ట్రస్థాయి పోటీల దాకా తీసుకెళ్లిన మాస్టార్లు ఎంతోమంది. అలాంటి సారు ల్యాప్‌టాప్ కొంటానంటే ఇంట్లో ముందు నవ్వుతారు. తర్వాత లెక్కలడుగుతారు.

'పొద్దంతా ఎండల నిలబడే మనిషివి, నీకు కంప్యూటరెందుకయ్యా?' అంటుంది తల్లి. భార్య ఏమీ అనదు. ఆ మౌనంలో పిల్లాడి స్కూలు ఫీజు ఉంటుంది, చీటీ వాయిదా ఉంటుంది. గౌరవవేతనం మీద నెట్టుకొచ్చే కోచ్‌కి ముప్పై, ముప్పై అయిదు వేలంటే మాటలు కాదు. డబ్బున్నవాడు తప్పు వస్తువు కొంటే ఇంకోటి కొనుక్కుంటాడు. ఇతను తప్పు వస్తువు కొంటే అయిదేళ్లు దాంతోనే కాపురం చెయ్యాలి. అందుకే ఈ బేరం కాస్త నిదానంగా చూడాల్సిందే.

కల్లెడ చెప్పే లెక్క

అసలు ఆటకీ ల్యాప్‌టాప్‌కీ ఏమిటి సంబంధం? క్రికెట్లో అయితే ఈ ముచ్చట పాతదే. 1990ల్లోనే దక్షిణాఫ్రికా కోచ్ బాబ్ వూల్మర్ ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆటగాళ్ల ఆటను విడమరిచి చూపేవాడు. మరి మట్టి ట్రాకుల సంగతి?

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని కల్లెడనే తీసుకుందాం. పర్వతగిరి మండలంలోని ఊరది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత అక్కడి అమ్మాయే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిదీ ఆ ఊరే. కూలి చేసుకుని బతికే ఇంటి పిల్ల. బడిలో వ్యాయామోపాధ్యాయుడి కంట పడింది. తర్వాత ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ నాగపురి రమేశ్ దగ్గర రాటుదేలింది. 2024 మేలో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లలో పరుగు ముగించి అప్పటి ప్రపంచ రికార్డునే తిరగరాసింది.

పారిస్‌లో ఆమె సమయం 55.82 సెకన్లు. రజతం గెలిచిన అమ్మాయిది 55.23. తేడా 0.59 సెకను. కనురెప్ప రెండుసార్లు వేసేంత! దూరంలో చెప్పాలంటే నాలుగు మీటర్ల పైచిలుకు. పతకాల రంగు మారేది ఇక్కడే. ఇంత చిన్న తేడాను కంటితో పట్టుకోవడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టం. బొటనవేలితో స్టాప్‌వాచీ నొక్కడంలోనే కొంత సమయం జారిపోతుంది. చేత్తో తీసిన సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 100 మీటర్ల పరుగుకు 0.24 సెకను కలిపి చూడటం అథ్లెటిక్స్‌లో ఉన్న పద్ధతే. అంటే పిల్ల నెలంతా కష్టపడి తగ్గించుకున్న సమయం కంటే సారు వేలి పొరపాటే పెద్దదయ్యే ప్రమాదముందన్నమాట.

ముందు పని... తర్వాతే సరుకు

షాపుకెళ్లి 'ముప్పై అయిదు వేలల్లో మంచిది చూపించన్నా' అంటే షాపువాడు తన దగ్గర మిగిలిపోయింది చూపిస్తాడు. అందుకని ముందు ఇంట్లో కూర్చుని ఓ కాగితం మీద రాసుకోవాలి... దీంతో నేను చేయించుకునే పనులేమిటి అని.

మొదటిది రాతపని. స్కూల్ గేమ్స్‌కి అండర్-14, అండర్-17, అండర్-19 జట్లు పంపాలంటే ప్రతి పిల్లకీ పుట్టినతేదీ, తండ్రిపేరు, బోనఫైడ్, ఫొటో... అన్నీ సరిపోవాలి. పుట్టినతేదీలో ఒక్క అంకె తప్పుపడితే రెండేళ్ల సాధన గేటు దగ్గరే ఆగిపోతుంది. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం లాంటివి ఉంటాయి. వాటి అంకెలు ఏడాదికేడాది పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ పిల్ల ఎదుగుతోందో, ఏ పిల్ల తిండి చాలక నీరసిస్తోందో తెలుస్తుంది. ఈ పనికి ఏ ల్యాప్‌టాపైనా సరిపోతుంది. డబ్బు పెట్టి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు కూడా. లిబ్రేఆఫీస్ ఉచితమే.

రెండోది వీడియో. అసలు పరీక్ష ఇక్కడే. వంద మీటర్లు 13 సెకన్లలో పరిగెత్తే అమ్మాయి సెకనుకు 7.7 మీటర్లు పోతుంది. మామూలు ఫోను సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఆమె 25 సెంటీమీటర్లు దాటేస్తుంది. అదే 60 బొమ్మలు తీస్తే 13 సెంటీమీటర్లు. స్లోమోషన్‌లో 240 తీస్తే మూడు సెంటీమీటర్ల చిల్లర. అడుగు ఎక్కడ పడిందో, మోకాలు ఎంత లేచిందో అప్పుడు తెలుస్తుంది. కబడ్డీలో రైడర్ పాదం బోనస్ గీత దాటిందా లేదా అన్నదీ అంతే.

అంటే మంచి బొమ్మ తీసేది ల్యాప్‌టాప్ కాదు, ఫోను! ఇది గుర్తుపెట్టుకుంటే సగం డబ్బు మిగిలినట్టే. బొమ్మను ఆపి, కోణం కొలిచి, పోయిన నెల పరుగునీ ఈ నెల పరుగునీ పక్కపక్కన నడిపించి చూపడానికే ల్యాప్‌టాప్. అందుకు కినోవియా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కాకపోతే అది విండోస్ మీదే నడుస్తుంది. చవగ్గా వస్తోంది కదా అని క్రోమ్‌బుక్ కొన్నవాళ్లకి ఆ దారి మూసుకుపోయినట్టే. కేవలం వీడియో తీసి పిల్లలకి అక్కడికక్కడే చూపించడమే పనైతే మాత్రం అసలు ల్యాప్‌టాపే వద్దు. ఫోనుకి ఓ స్టాండు కొనుక్కుంటే చాలు.

డబ్బాలో ఏముండాలి?

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా చాలని కంపెనీయే చెబుతుంది. చాలడం వేరు, పనిచేయడం వేరు. పెళ్లివిందుకి ఒక్క పొయ్యి చాలుతుందా? వీడియో పనికి 8 జీబీ ర్యామ్ ఉండాల్సిందే. అది తర్వాత పెంచుకునే వీలుందో లేదో కొనేముందే అడగాలి. కొన్ని చవక మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరగడంతో ఈ ప్రశ్నకి విలువ ఇంకా పెరిగింది.

ప్రాసెసర్ విషయంలో ఇంటెల్ ఐ3 గానీ, రైజెన్ 3, రైజెన్ 5 గానీ కాస్త కొత్త తరానివైతే చాలు. గేములాడేవాళ్ల గ్రాఫిక్ కార్డు కోచ్‌కి అక్కర్లేదు. సెలెరాన్ లాంటివి చూడ్డానికి చవకే, కానీ రెండు వీడియోలు పక్కపక్కన నడపమంటే ఆయాసపడతాయి. పాతకాలపు హార్డ్‌డిస్క్ కాకుండా ఎస్ఎస్‌డీ ఉండాలి. ఎంత? ఇరవైమంది పిల్లలవి రోజుకో నిమిషం చొప్పున తీస్తే, నిమిషానికి సుమారు 120 ఎంబీ అనుకున్నా రోజుకి 2.4 జీబీ. నెలకి 25 రోజులైతే 60 జీబీ. 256 జీబీ డిస్కు నాలుగునెలలు తిరక్కుండానే నిండిపోతుంది. కాబట్టి 512 అడగాలి. లేదంటే నెలాఖరున పనికొచ్చేవి ఉంచి మిగతావి తీసేసే ఓపికుండాలి.

ఇక తెర. షాపులో ట్యూబులైట్ కింద ధగధగలాడే తెర గ్రౌండులో అద్దమైపోతుంది. పిల్ల పరుగు బదులు సారు మొహమే కనిపిస్తుంది! చవక ల్యాప్‌టాపుల తెర వెలుతురు చాలావరకు 250 నిట్స్ దగ్గరే ఆగుతుంది. మెరవని తెర, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్... ఈ మూడూ చూసుకుని, వేపచెట్టు నీడలో ఓ అట్టపెట్టెకు లోపల నల్లకాగితం అంటించి అందులో పెట్టి చూపిస్తే ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది.

బ్యాటరీ మీద 'పది గంటలు' అని రాస్తే నమ్మొద్దు. వాట్-అవర్ ఎంతో చూడాలి. 42 వాట్-అవర్ బ్యాటరీ, వీడియో పనికి 12 వాట్లు తాగిందంటే మూడున్నర గంటలు. పొద్దుటి ప్రాక్టీసుకి అది చాలు.

మూడు ఊళ్లు... మూడు దారులు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2016 అక్టోబరు 11 దాకా మూడూ వరంగల్ జిల్లాలోవే. కానీ ల్యాప్‌టాప్ కొనేవాడికి మూడూ ఒకటి కాదు.

జనగామ సారుకి హైదరాబాద్ సుమారు 85 కిలోమీటర్లు. పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ సీటీసీలో పది షాపులు తిరిగి సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. బాగోకపోతే మళ్లీ వెళ్లొచ్చు. అందుకని అతను ధర చూసుకోవచ్చు.

మానుకోట కోచ్‌కీ రైలుంది. అయితే అతని పిల్లల్లో చాలామంది తండాల నుంచి వచ్చేవాళ్లు. ఇవాళ ఈ గ్రౌండు, రేపు ఆ ఊరి బడి. ల్యాప్‌టాప్ బండి మీద తిరగాలి. అతను బరువు, బ్యాటరీ చూసుకోవాలి. టైప్-సీతో ఛార్జింగ్ అయ్యే మోడలైతే 65 వాట్ల పవర్‌బ్యాంకుతో కరెంటు లేనిచోట కూడా గట్టెక్కుతుంది.

భూపాలపల్లిది ఇంకో కథ. సింగరేణి గనుల ఊరు, పక్కనే చెల్పూరులో థర్మల్ కేంద్రం. రైలుస్టేషన్ లేదు. చిన్న రిపేరొచ్చినా హన్మకొండ దాకా బస్సెక్కాలంటే ఓ రోజు పోయినట్టే. ఆ కోచ్‌కి రెండువేలు తక్కువకొచ్చే మోడల్ కన్నా, మెకానిక్ ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉన్నదే నిజంగా చవక. తమ పిన్‌కోడ్‌కి ఆ సేవ ఉందా అని కంపెనీ వెబ్‌సైట్లో కొనకముందే చూసుకోవాలి. దుమ్ముకి కీబోర్డు మీదో పల్చని కవరు, నెలకోసారి గాలి కొట్టించడం తప్పదు. మే నెల ఎండకి బండి డిక్కీలో పెట్టి మరిచిపోతే బ్యాటరీ ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది. ఇది మూడు ఊళ్లకూ వర్తిస్తుంది!

సెకండ్‌హ్యాండ్ అయితేనో?

పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాపులు సగం ధరకే వస్తాయి. గట్టివి కూడా. కానీ ఓ మెలిక ఉంది. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 సక్రమంగా పనిచేయాలంటే ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైనే. ఏడో తరందైతే ఎంత చవకైనా దండం పెట్టి వచ్చేయాలి. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించమని అడగాలి. తయారైనప్పుడు ఎంత, ఇప్పుడెంత పట్టుకుంటోందో అందులో ఉంటుంది. జీఎస్టీ బిల్లు లేనిదే కొనకూడదు. 'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా' అన్నవాడి దగ్గర తగ్గేది ధర ఒక్కటే కాదు, రేపు నిలదీసే హక్కు కూడా. వడ్డీ లేని వాయిదాలన్నా అంతే. రొక్కానికి ఎంతిస్తారో అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వడ్డీ ఎక్కడ దాక్కుందో బయటపడుతుంది.

పెట్టెలో పిల్లలున్నారు

కొన్నాక అసలు బాధ్యత మొదలవుతుంది. అందులో ఉండేవి అంకెలే కావు... ఆడపిల్లల వీడియోలు, పుట్టినతేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాగితాలు. సారు కొడుకు గేములాడుకోవడానికో, మరిది సినిమా చూడ్డానికో అదే లాగిన్ వాడకూడదు. పాస్‌వర్డ్ ఉండాలి, ఇంట్లోవాళ్లకి వేరే ఖాతా ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, 'సారూ, మా పిల్ల ఉరికేది ఓసారి సూపియ్యుండ్రి' అని అడిగే తల్లికి ముందే చెప్పి, ఒప్పించి తీయడం మర్యాద. కూతురు పరుగును నెమ్మదిగా ఆపి ఆపి చూపిస్తే ఆ తల్లే రేపు పొద్దున అయిదింటికి పిల్లని లేపి పంపుతుంది.

ఇంకోమాట. డిస్కు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. వారానికోసారి ఓ విడి డ్రైవులోకి నకలు తీసి బీరువాలో పెట్టాలి. ల్యాప్‌టాప్ పోతే ముప్పై అయిదు వేలు. నాలుగేళ్ల పరుగుల లెక్క పోతే దాన్ని ఏ షాపూ అమ్మదు.

ఇన్ని చూసుకుని కొన్నాక కూడా ల్యాప్‌టాప్ ఎవర్నీ పరిగెత్తించదు. కల్లెడ పిల్లని ముందు గుర్తుపట్టింది ఏ యంత్రమూ కాదు, ఓ మాస్టారి కన్ను. కాకపోతే ఆ కన్ను చూసింది పిల్లకీ చూపించాలంటే, పోయిన నెలది ఈ నెల గుర్తుండాలంటే, సెలక్షన్లలో 'ఈ అమ్మాయే ఎందుకు?' అని అడిగినవాళ్లకి జవాబు చెప్పాలంటే జేబులో నలిగిన నోటుపుస్తకం చాలడం లేదు. ఆ లోటు తీర్చేంత ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువ పెట్టే డబ్బుంటే... పిల్లలకి గుడ్లు, అరటిపండ్లు, ఓ జత బూట్లు!