జ్వరం తగ్గిన తరువాత



ఈ వారం ఒక తండ్రిగా నేను చేసిన తప్పును మీ ముందు ఒప్పుకోవాలి.

2021 మే నెలను మనలో ఎవరం మరచిపోలేం. మా ఇంట్లో అందరికీ కరోనా సోకింది. నేనూ మా ఇంటావిడా బాగా నలిగిపోయాం. పదేళ్ల మా చిన్నవాడికి మాత్రం రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. బిడ్డను దేవుడు కాపాడాడని సాక్ష్యం చెప్పాను. మీరందరూ స్తోత్రం అన్నారు.

ఆగస్టులో బడులు తెరిచారు. వాడు ఇంటికి రాగానే సంచి పడేసి పడుకునేవాడు. రోజూ తలనొప్పి అనేవాడు. తోటి పిల్లలు ఆడుతుంటే మందిరం అరుగు మీద కూర్చుని చూసేవాడు. నేను సోమరితనం అనుకున్నాను. ఒక ఆదివారం సండేస్కూల్లో కంఠత వాక్యం సగంలో ఆపేస్తే, అందరి ముందూ గద్దించాను. వాడు ఏడవలేదు. "చదివాను నాన్నా, రావట్లేదు" అన్నాడు.

నేను వద్దంటున్నా వాళ్లమ్మ వాణ్ణి పిల్లల డాక్టరుకు చూపించింది. ఆయన పరీక్షలన్నీ చేయించి, "వీడు నటించడం లేదు. కరోనా వచ్చి తగ్గిన కొందరు పిల్లల్లో ఇది చూస్తున్నాం. బలవంతపెట్టకండి. ఆటైనా చదువైనా కొద్దికొద్దిగా పెంచండి" అన్నారు.

జబ్బు తేలికగా వచ్చిపోయిన పిల్లల్లోనూ కొందరికి అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం నెలల తరబడి ఉంటాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల్లో ఈ స్థితికి ప్రత్యేకంగా నిర్వచనం కూడా ఇచ్చింది. కరోనా సోకిన 3 నెలల లోపు మొదలై, కనీసం 2 నెలలు ఉండే లక్షణాలు అని. ఎక్కువమంది పిల్లలు మెల్లగా కోలుకుంటారు.

ఆ రాత్రి మార్కు సువార్త 5వ అధ్యాయం తెరిచాను. యాయీరు కుమార్తెను లేపిన తరువాత, ఆ చిన్నదానికి తినడానికి ఏమైనా పెట్టమని ప్రభువు చెప్పాడు. అంత అద్భుతం చేసినవాడు ఆమె ఆకలిని మరచిపోలేదు. నేనైతే స్తోత్రం చెప్పి, అక్కడితో ఆగిపోయాను.

నిద్రపోతున్న వాణ్ణి లేపలేక, తెల్లవారాక క్షమించమని అడిగాను. కొన్నాళ్లు ఒక పూటే బడికి పంపాం. సంక్రాంతికి కాస్త పరుగెత్తాడు. వేసవికి మునుపటిలా అయ్యాడు.

తల్లిదండ్రులారా, ఇంకొక్క మాట. కరోనా తగ్గాక 2 నుండి 6 వారాల్లో బిడ్డకు విడవని జ్వరం, దద్దుర్లు, ఎర్రబడిన కళ్లు, కడుపునొప్పి, వాంతులు కనిపిస్తే వేడి చేసిందని ఊరుకోకండి. అరుదుగానైనా అది గుండెను దెబ్బతీసే జబ్బు కావచ్చు. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వేళకు వెళ్తే చికిత్స ఉంది. నాకు ఫోన్ చేయండి, నేనూ వస్తాను. ప్రార్థన దారిలో చేసుకుందాం.

ప్రభువా, మా బిడ్డలు చెప్పేది నమ్మే మనసు మాకు దయచేయుము. ఆమేన్.