రెండక్షరాల తేడా

మాది మారేడుమిల్లి వైపు కొండల్లో చిన్న ఊరు. మేం కొండరెడ్లం. డి.ఎడ్. చేసి టీచరునయ్యాక రాజోలు దగ్గర బడికి వచ్చాను. చుట్టూ కొబ్బరితోటలు, కాలువలు. ఎటు చూసినా ఒక్క కొండ కనపడదు.

అమ్మ పోయిన ఏడాది నాకు నిద్ర పోయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. బడిగంట వింటే గుండెదడ. ఊళ్ళో గాలి సోకిందన్నారు, మంత్రం వేయించారు. దిగులు తగ్గలేదు. చివరికి అమలాపురంలో మానసిక వైద్యుణ్ణి కలిశాను. ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. "గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో వికారం ఉండొచ్చు. మీ అంతట మీరు ఆపొద్దు" అన్నారు.

రెండు నెలలకు తేరుకున్నాను. మూడో నెల ఒక మందుల షాపులో సిటాలోప్రామ్ 10 చేతిలో పెట్టి, "రెండూ ఒకటేనండీ" అన్నారు. పేరు దగ్గరగానే ఉంది, అంకె అదే. నమ్మాను. కొన్ని వారాలకు మళ్ళీ మూడింటికి మెలకువ వచ్చింది.

డాక్టరుగారు తన రెండు అరచేతులు చూపించారు. కుడి, ఎడమ ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఒకటి ఇమడవు. సిటాలోప్రామ్‌లో అలాంటి రెండు రూపాలు సగం సగం ఉంటాయట. మనసుకు పనిచేసేది ముఖ్యంగా ఒకటే. దాన్ని వేరుచేసిందే ఎస్సిటాలోప్రామ్. అందుకే దీని 10, దాని 20కి దగ్గర. నేను మింగింది సగం మందు! అలాగని మనమే మోతాదు పెంచుకోకూడదు, ఎక్కువైతే గుండె లయ తప్పొచ్చు.

మా తోటి టీచరమ్మది సెర్ట్రాలిన్ 50. "నీది పదేగా, నీ జబ్బు చిన్నది" అనేది. మందు మారితే అంకెలకు పోలిక లేదు. అందరికీ మేలైన మాత్రంటూ కూడా లేదు. ఒకరికి ఒకటి పడుతుంది, మరొకరికి మరొకటి.

పండక్కి ఊరెళితే మా చిన్నాన్న కొడుకు, ఇరవై ఏళ్ళవాడు, "అక్కా, నాకూ నిద్ర లేదు. నీ మాత్రలు రెండివ్వు" అన్నాడు. దుంపలు ఉడికినా, వేట దొరికినా ఊరంతా పంచుకునేవాళ్ళం. ఇది మాత్రం పంచలేదు. పాతికేళ్ళ లోపువాళ్ళకు మందు మొదలెట్టిన రోజుల్లో చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉందని, పక్కన మనిషి కనిపెట్టుకుని ఉండాలని విన్నాను.

సిగ్నల్ అందే మలుపు దాకా ఇద్దరం నడిచాం. టెలి మానస్ 14416కి ఫోన్ చేశాం. వాడు తెలుగులోనే మాట్లాడాడు, ఏడ్చాడు. మర్నాడు వాణ్ణి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

టీచర్లారా, తరగతిలో వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవాణ్ణి మొద్దు అనకండి. రాత్రి నిద్రపోయాడేమో అడగండి.