సోమశిల కట్ట కింద ఒక పూట భోజనం

సోమశిల జలాశయం చూడాలని మా చిన్నబ్బాయి రెండేళ్లుగా అడుగుతున్నాడు. షాబాన్ పరీక్షలు ముగిసి మదరసాకు సెలవులు ఇచ్చిన మరుసటి రోజే ఫజర్ నమాజు చేసుకుని నెల్లూరులో బస్సెక్కాము. మా శ్రీమతి ఎప్పటిలాగే టిఫిన్ క్యారియర్‌లో ఖుబూలీ అన్నం, ఒక పొట్లంలో ఖర్జూరాలు సర్దింది. "ఎక్కడికి వెళ్లినా ఇంటి అన్నమేనా?" అని అబ్బాయి మూతి ముడుచుకున్నాడు.

ఇంటి అన్నం వెంట రావడానికి కారణం లేకపోలేదు. కిందటి ప్రయాణంలో ఒక పట్టణంలో, హలాల్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న హోటల్లోకి నమ్మకంగా వెళ్లాము. ముగ్గురికీ 600 రూపాయలయింది. ముక్క చల్లగా ఉంది. అన్నం వాసన వేసింది. ఆ రుచి ఏ ఊరిదో చెప్పే వీలే లేదు. దివ్యఖుర్ఆన్ హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్ అన్న మాటను కూడా ఉంచిందని ఏటా పిల్లలకు పాఠం చెబుతుంటాము. ఆ రోజు మొదటి మాటను బోర్డు మీద చదివి, రెండోదాన్ని మరచిపోయాము.

బుచ్చిరెడ్డిపాలెం, సంగం, ఆత్మకూరు దాటి అనంతసాగరం మీదుగా సోమశిల చేరేసరికి పదకొండు దాటింది. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టిన పెన్న, కడప జిల్లా దాటి కొండల సందులోంచి నెల్లూరు సీమలోకి అడుగుపెట్టే చోటు ఇది. జలాశయంలో 78 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది. 1983 నాటి ఒప్పందం మేరకు శ్రీశైలం నుండి చెన్నపట్నానికి దాహం తీర్చడానికి పోయే తెలుగుగంగ నీరు ఇక్కడికే వచ్చి, ఇక్కడ నుండి కండలేరుకు మళ్లుతుంది. అబ్బాయి గేట్లు లెక్కపెడుతుంటే మేము నీటి అంచున వుజూ చేసుకుని, వేపచెట్టు నీడలో జుహర్ నమాజు చేసుకున్నాము.

కట్ట కింద చేపలు వేయించి అమ్మే పందిళ్లు కొన్ని ఉన్నాయి. చివరి పందిట్లో నలభై ఏళ్ల స్త్రీ ఒకరు మూకుడు ముందు కూర్చుని ఉన్నారు. పళ్లెంలో కారం పట్టించిన బొచ్చె ముక్కలు, జిలేబి చేపలు. అబ్బాయి అక్కడే ఆగిపోయాడు.

చేపకు జబహ్ అవసరం లేదు. (రొయ్యల విషయంలో పండితుల మధ్య ఉన్న చర్చను నెల్లూరు జిల్లాలో ఎత్తుకోవడం క్షేమం కాదు గనుక వదిలేద్దాము.) మా సందేహమల్లా నూనె గురించే. అందులో కోడిమాంసం కూడా వేయిస్తారేమో! ఫిఖహ్ గ్రంథాలు పాతికేళ్లుగా బోధిస్తున్నాము గానీ, ఈ చిన్న ప్రశ్నను ఎదుటివారి మనస్సు నొప్పించకుండా ఎలా అడగాలో తోచలేదు.

"అమ్మా, ఈ నూనెలో..." అని నసిగాము.

"పొద్దన పోసిన నూనె సాయిబయ్యా! నిన్నటిది కాదు" అని ఆమె ముఖం చిన్నబుచ్చుకున్నారు.

మా శ్రీమతి అందుకుంది. "అది కాదు వదినా, కోడి కూడా ఇందులోనే వేయిస్తారా అని."

"అదా మీరడిగేది!" అని ఆమె నవ్వేశారు. "ఏఎస్‌పేట దర్గాకు పోయేవాళ్లు ఇట్టా వస్తే అందరూ అదే అడగతారు. ఈ మూకుట్లో చేప తప్ప ఇంకోటి పడదు. మాకు దొరికేదే చేప, ఇంక కోడి యాడిది?"

మూడు పళ్లాలకు 240 రూపాయలన్నారు. అలవాటు కొద్దీ 200 చేయమన్నాము. ఆమె ఏమీ అనలేదు. వెనుక వల బాగుచేసుకుంటున్న ఆమె భర్త తల ఎత్తకుండానే, "2021 నవంబరు వరదలో తెప్ప, వలలు అన్నీ పోయినయ్యి అయ్యా. ఈ వల అప్పు ఇంకా తీరలా" అన్నారు. అడిగి చెప్పించుకున్న మాట కాదు అది. ఆ 40 రూపాయలు మా నోట్లోంచి ఎందుకు వచ్చాయా అని సిగ్గుపడ్డాము. 240 ముందుగానే చేతిలో పెట్టాము.

ముక్క వేడిగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంది. ఉప్పు, కారం, కాస్త అల్లంవెల్లుల్లి, అంతే. అయితే అసలు సంగతి అది కాదు. పందిరి వెనుక మూత పెట్టిన మట్టిచట్టి ఒకటి ఉంది. అబ్బాయి దానివైపు వేలు చూపి అడిగాడు.

"అది అమ్మేది కాదబ్బయ్యా, మా అన్నం. రాత్రి పులుసు, సంగటి."

అడిగినందుకు వాణ్ణి మందలించబోయాము. అప్పటికే ఆమె చట్టి మూత తీశారు. రాత్రి కాచిన చేపల పులుసు తెల్లవారితేనే రుచి అని నెల్లూరువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ముక్క చితకకుండా గరిటె పెట్టక, చట్టినే పట్టుకుని తిప్పుతారని మా శ్రీమతికి ఆమె చూపించారు. మామిడికాయలు ఇంకా రాలేదు గనుక పులుపంతా చింతపండుదే. సంగటి కెలికిన తెడ్డు చూసి, "ఉదయగిరిదా?" అని మా శ్రీమతి అడిగింది. ఉదయగిరి కొండల్లోని నర్ది కొయ్యతో అక్కడి మన ముస్లిం స్త్రీలు చెక్కే చెంచాలు, గరిటెలంటే ఆమెకు ఇష్టం. "కాదమ్మా, మా మామ చెక్కిన వేపకొయ్య" అన్నారు.

ఆమె సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసి అబ్బాయి ముందు పెట్టారు. మాకూ పెట్టబోతే వద్దన్నాము. అది వారిద్దరి పూట తిండి. తింటే వారికి తక్కువవుతుంది, తినకపోతే వారి మనస్సు కష్టపడుతుంది. డబ్బు ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మేము ఏ గ్రంథంలో జవాబు వెతకాలా అని ఆలోచిస్తుండగానే మా శ్రీమతి టిఫిన్ క్యారియర్ విప్పింది.

"శనగపప్పు వేసి వండిన అన్నం వదినా, మాంసం లేదు. మీరు ఇది తినండి, మేము అది తింటాము."

ఐదుగురమూ ఒకే పందిట్లో కూర్చున్నాము. బిస్మిల్లాహ్ అని మేము మొదటి ముద్ద తీసుకుంటుంటే, భర్త ఖుబూలీ నోట పెట్టుకుని, "ఇందులో పుదీనా వేసినారా?" అని అడిగారు. ఖర్జూరాలు మాత్రం ఇద్దరూ తినలేదు. బడి నుంచి వచ్చే కూతురి కోసం దాచారు.

బయలుదేరేటప్పుడు మిగిలిన పులుసును ఒక స్టీలు గిన్నెలో పోసి, మూతకు గుడ్డ కట్టి ఇచ్చారు. గిన్నె ఎలా తిరిగి ఇవ్వాలని అడిగితే, "మామిడికాయలొచ్చినాక రండి, అప్పుడు చేసే పులుసే పులుసు" అన్నారు.

ఆ గిన్నె కడిగి మా వంటింటి అలమారలో బోర్లించి ఉంది. అది మా దగ్గర అమానత్. రమజాన్ పండుగ వెళ్లిన తరువాత, ఇన్‌షా అల్లాహ్, ఖాళీగా కాక అందులో ఏదైనా వండి తీసుకువెళ్లాలని మా శ్రీమతి అంటోంది. ఏమి వండాలన్నది ఇంకా తేలలేదు.