అత్తమ్మ కత్తిపీట

ప్రతి దసరాకీ మా ఇంట్లో కత్తిపీటకి కూడా పసుపు రాసి కుంకుమ పెడతాం. మొన్నటి దసరాకి రెండు కత్తిపీటలు పక్కపక్కన పెట్టి ఒకదానికి ప్రేమగా, రెండోదానికి మొక్కుబడిగా బొట్టు పెట్టాను. నా కోపానికి కారణం ఉంది లెండి.

మొదటిది మా అత్తమ్మది. నెల్లికుదురులో ఆ రోజుల్లో పేరున్న కమ్మరి చేసిచ్చాడు. మిగతావాళ్ళ కంటే నాలుగు రూపాయలు ఎక్కువే తీసుకునేవాడట. అయినా పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఆయన కొలిమి దగ్గరే వచ్చి కూర్చునేవాళ్ళట. 1991లో నేను కాపురానికి వచ్చేసరికే దాని అలుగు అరిగి సన్నబడింది. ఈనాటికీ బాగా పండిన టమాటా పెట్టినా నలక్కుండా తెగుతుంది.

రెండోది మా అమ్మాయి కాపురం పెట్టినప్పుడు, నాలుగేళ్ళ కిందట, అదే కమ్మరి కొడుకుతో చేయించాను. ఆర్నెల్లు తిరక్కుండానే "అమ్మా, ఇది కోస్తలేదు, నలుపుతంది" అంటూ తెచ్చి నా ముందు పెట్టింది. బజార్లో కరెంటు సాన పట్టించాను. వారం బాగుండి మళ్ళీ మొద్దుబారింది. తండ్రి పనితనం కొడుక్కి రాలేదని నలుగురిలో అనేశాను కూడా.

చివరికి రెండూ సంచీలో పెట్టుకుని కొలిమి దగ్గరికే వెళ్ళాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆకురాయి తీసుకుని రెంటి మీదా గీశాడు. కొత్తదాని మీద ఆకురాయి మెత్తగా దిగింది. పాతదాని మీద జారిపోయింది.

"ఇది మా నాయిన లారీ కమాన్ పట్టీతోని చేసిండు చెల్లె. నువ్విచ్చిన పైసలకు గసొంటి పట్టీ యాడికెళ్ళి తేవాలె? మెత్త ఇనుము పెట్టిన."

బేరమాడి రెండొందలు తగ్గించుకున్నది అప్పుడు గుర్తొచ్చింది. "ఆ ముక్క అప్పుడే చెప్పొద్దా అన్నా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. అది మాత్రం ఆయన తప్పే. తక్కువకి వస్తుందని సంబరపడేవాళ్ళకి ఏది తక్కువైందో చెప్పాలి కదా!

బళ్ళ కమాన్ పట్టీల్లో కర్బనం అర శాతం దాకా ఉంటుంది. మామూలు మెత్త ఇనుములో అందులో సగం కూడా ఉండదు. కర్బనం చాలకపోతే ఎంత ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచినా అంచు గట్టిపడదు, ఎవరి చెయ్యైనా అంతే. బజారు సానతో ఇంకో చిక్కు ఉంది. చక్రం వేగానికి అంచు వేడెక్కి నీలం రంగు తిరిగితే, మంచి ఉక్కుకి పట్టిన పాయనం కూడా పోతుందట. అత్తమ్మ ఏనాడూ సానకి ఇవ్వలేదు. పెరట్లో నల్లరాయి మీద నీళ్ళు చల్లి తనే నూరుకునేది. నిమ్మకాయలూ చింతకాయలూ కోసిన వెంటనే కడిగి, తుడిచి, వేలితో ఆముదం రాసి గోడకి నిలబెట్టేది. వంకాయ ముక్కలు నల్లబడతాయని ఈ ఇనుప పీటని తిట్టుకునేవాళ్ళు ఉప్పునీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

ఈసారి బేరం ఆడలేదు. కమాన్ పట్టీయే పెట్టమన్నాను, అక్కడే కూర్చుంటానన్నాను. ఆయనకి నచ్చినట్టు లేదు గానీ ముక్కాలిపీట జరిపాడు. ఇలా దగ్గర కూర్చుని చూసుకోవడం కొత్తేమీ కాదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించే రోజుల్లో, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు తనే పాళ్ళు తూచి, ఒక్కో ఉక్కు ముద్దనీ పరీక్షించుకునేవాడని హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు రాశాడు. అది 1832లో అచ్చయింది. అంత దూరం నుంచి వచ్చినవాడే నమ్మకం మీద కొనలేదు, నాకేం మొహమాటం?

పట్టీని కాల్చి, సాగగొట్టి, వంపు తెచ్చేసరికి పొద్దు నెత్తికెక్కింది. అంచుని ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచాడు. ఆ తర్వాత మళ్ళీ సన్న సెగ మీద పెట్టి, మెరిసే అంచు ఎండుగడ్డి రంగుకి రాగానే తీసి చల్లార్చాడు. "గీడ రెప్ప కొట్టినమంటే పాయె" అన్నాడు. అచ్చం వాళ్ళ నాయిన చేసినట్టే చేశాడని పక్కనున్న ముసలాయన చెప్పాడు. ఆ చేతిని నలుగురిలో అన్నందుకు నాకు సిగ్గేసింది. ఆయన కొడుకు మాత్రం ఈ పనిలో లేడు, వరంగల్‌లో ఆటో నడుపుతున్నాడు.

అమ్మాయి కోసం చేయించింది తీసుకుని హైదరాబాద్ వెళ్ళాను. ఉల్లిపాయ కోసి చూసి, "అమ్మా, నానమ్మది కూడా నాకే ఇస్తవా?" అంది.

దాన్ని మాత్రం ఇంకా ఇవ్వలేదు.