ఊరు ఉన్నచోటే ఉంది, దారి లేదు

పోయిన ఏడాది మా ఫుప్పీ ఇంతెఖాల్ అయింది. ఇన్నాలిల్లాహ్. హైదరాబాద్‌లో, గచ్చిబౌలికి అవతల ఒక పాత ఊళ్లో ఉండేది. ఆ ఊరి పేరు రాయను. అక్కడ బతుకుతున్నవాళ్లకు నా రాతతో కొత్త తక్లీఫ్ ఎందుకు?

మాది దొర్నిపాడు. 1978లో ఫుప్పీకి అంత దూరం నిఖా కుదిరితే, "బిడ్డను పట్నానికి ఇస్తాండారే" అని దాదీ ఏడ్చిందంట. "పట్నం కాదు అమ్మీ, పట్నం బయట పల్లె. మన ఊరి మాదిరే ఉంటాది" అని అబ్బా సముదాయించినాడంట. అబ్బా చెప్పింది నిజమే. ఎండాకాలం సెలవుల్లో నేను పోయినప్పుడు అది పల్లే. పెద్ద పెద్ద రాతిగుండ్లు, సీతాఫలం చెట్లు, చెరువు, చిన్న మస్జిద్, దాని వెనక ఖబరస్తాన్. ఫుప్పాకు ఎనిమిది బర్రెలు. ఫజర్ నమాజ్ కాగానే పాలక్యాన్లు సైకిల్‌కు కట్టుకొని పట్నం హోటళ్లకు పోయేవాడు. దొర్నిపాడు నల్లరేగడిలో తిరిగిన నాకు ఆ రాళ్లు చూస్తే హైరత్. నా సీమ తెలుగు విని అక్కడి పిల్లలకు నవ్వు.

ఫుప్పా 1996లో పోయినాడు. ఆ తర్వాత రెండేళ్లకు, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాబోటివాడికి ఇంకో సంగతి కూడా యాదుంటుంది. మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ పెట్టింది కూడా 1998లోనే, గచ్చిబౌలిలోనే. మన జబాన్‌కు యూనివర్సిటీ వచ్చిందని ఖుష్ అయినాం. దాని చుట్టూ ఉన్న ఊళ్లలో ఆ జబాన్ మాట్లాడే పాలవాళ్లు, కూలీలు ఎటు పోతున్నారో అప్పుడు చూడలేదు.

పేపర్లో ఇన్నేళ్లు పనిచేసినాను. "ఒకప్పుడు ఇక్కడ ఏమీ లేదు, రాళ్లూ రప్పలే" అనే మాట ఎన్నిసార్లు అచ్చువేసినామో! నేనూ రాసినాను. అది గలత్. అక్కడ ఊళ్లు ఉన్నాయి. మాదాపూర్, కొత్తగూడ, ఖానామెట్, రాయదుర్గం, హఫీజ్‌పేట, మియాపూర్, నానక్‌రామ్‌గూడ. ఇవి బస్టాపుల పేర్లు కావు, ఊళ్ల పేర్లు. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఇంకా నిలబడి ఉంది. గోల్కొండకు వచ్చిపోయే ముసాఫిర్లు దిగిన చోటు అది. అటువైపు హయత్‌నగర్ హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. మస్జిద్, సరాయి, బావి కట్టించి ఊరు నిలబెట్టిన ఆడమనిషి ఆమె. మాసాబ్ ట్యాంక్‌లోని "మాసాబ్" కూడా ఆమే, "మా సాహెబా". రోజూ ఆ పేరు చెప్పి ఆటో ఎక్కేవాళ్లకు ఒక తల్లి పేరు పలుకుతున్నామని తెలియదు.

నిజాం జమానాలో ఈ ఊళ్లు జాగీర్లుగానో, పాయిగాలుగానో, సర్ఫెఖాస్ అనే నిజాం సొంత భూములుగానో ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయినాయి. కాగితాల మీద మాలిక్ మారినాడు గానీ దున్నేవాడి చేతికి సరైన పట్టా అందరికీ రాలేదు. భూమికి ధర లేనన్నాళ్లు ఎవరూ అడగలేదు. ధర వచ్చినాక అందరూ కాగితం అడిగినారు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో కలిపి 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు పట్నంలో కలిపేసి జీహెచ్ఎంసీ చేసినారు. సుమారు 170 చదరపు కిలోమీటర్ల పట్నం 625 అయింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి వేలం పోయింది.

మణికొండ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలుసు. హుస్సేన్‌సాగర్ కట్టించిన హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరు మీద 1,654 ఎకరాలు వక్ఫ్ అని బోర్డు, సర్కారుదని ప్రభుత్వం ఏళ్ల తరబడి అదాలత్‌లో కొట్లాడినారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదే అని తీర్పు ఇచ్చింది. తీర్పు మీద బహస్ చేయడానికి ఇది రాయట్లేదు. నాకు అర్థమైంది ఒక్కటే. అంత పెద్ద దర్గా విషయంలో కూడా చివరికి మాట్లాడింది యాదు కాదు, కాగితం.

మా ఫుప్పీ కూడా కాగితం లేని మనిషే. ఉన్న కాస్త జాగా బిల్డర్‌కు ఇస్తే, అందులో లేచిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ ఇచ్చినారు. "మన బర్రెల కొట్టం ఉన్న చోటే లిఫ్టు పెట్టినారు బేటా" అని నవ్వేది. నవ్వు ఆగినాక, కిటికీలోంచి చూస్తూ, "హమారా గావ్ కిధర్ గయా రే?" అనేది. నాకు జవాబు తోచేది కాదు. ఒక్కటి మాత్రం వసీయత్ లాగా మళ్లీ మళ్లీ చెప్పేది: "నన్ను మీ ఫుప్పా పక్కనే పెట్టండి."

జనాజా తీసుకొని పోతే దారి లేదు. ఖబరస్తాన్ ఉంది, మస్జిద్ ఉంది. మధ్యలో గేటెడ్ కమ్యూనిటీ గోడ. పాత బాట ఆ గోడ లోపలికి పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్, పాపం చిన్న పిల్లోడు, "ఏ ఫ్లాట్‌కు?" అని అడిగినాడు. డోలా భుజాల మీద ఉంది. ఎవరో గట్టిగా అరిచినారు. వాడు భయపడి లోపలికి ఫోన్ చేసినాడు. వాడి మీద కోపం రాలేదు నాకు. ఆ బాట సంగతి వాడికి ఎవరు చెప్పినారు గనక? చివరికి గేటు తీసినాడు గానీ రిజిస్టర్‌లో రాయమన్నాడు. "ఎవరిని కలవాలి" అనే గడిలో ఏం రాయాలో తోచలేదు. ఫుప్పా పేరు రాసినాను.

లోపల పక్కన జాగా లేదు. ఖబరస్తాన్ నిండిపోయింది. ఇమామ్ సాబ్ నెమ్మదిగా చెప్పినాడు: "ఇరవై తొమ్మిదేళ్లు అయింది కదా, మట్టి మట్టిలో కలిసిపోయి ఉంటుంది. అదే ఖబర్‌లో పెట్టవచ్చు." అలాగే చేసినాం. పక్కన పెట్టమని అడిగిన మనిషి ఆయన మట్టిలోనే కలిసిపోయింది. ముస్తాబైన పెళ్లికూతురిగా దొర్నిపాడు నుంచి ఆమె వచ్చిన ఊరిలో ఆమెకు దక్కిన జాగా అంతే. పిడికెడు మట్టి వేస్తూ, అది కూడా దక్కినందుకు షుకర్ చేసుకున్నాను.

నలభై దినాలు అయినాక దొర్నిపాడు పోయినాను. గేటు సంగతి, రిజిస్టర్ సంగతి అమ్మీకి చెప్పినాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన ఊళ్లో ఖబరస్తాన్‌కు కాగితం ఉందా బేటా?" అని అడిగింది.

నాకు తెలియదు. నలభై దాటిన జర్నలిస్టును, ఊరూరి భూముల తగాదాలు రాసినవాణ్ణి, నా అబ్బా పడుకున్న నేల సర్వే నంబర్ తెలియదు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయినప్పటి నుంచి చుట్టుపక్కల చేలల్లో తెల్లరాళ్లు పాతుతున్నారు. కేసీ కాలువ పారే నేలల్లో వెంచర్ల బోర్డులు. మా దొర్నిపాడు ఇంకా దూరమే, మా జొన్నచేలు ఇంకా చేలే. ఫుప్పీ ఊరు కూడా 1978లో పట్నానికి దూరమే కదా. ఎదిగే పట్నాన్ని ఎవరూ ఆపలేరు, ఆపమని నేను అనట్లేదు. మా పిల్లల ఉద్యోగాలు ఆ పట్నంలోనే ఉన్నాయి. ఊరు కలిసిపోయేటప్పుడు మస్జిద్‌కు, ఖబరస్తాన్‌కు, చెరువుకు పోయే బాటలు కూడా కాగితంలో ఉండాలి, అంతే నేను అడిగేది.

మరుసటి రోజు ఊళ్లో పెద్దమనుషులను తీసుకొని ఆఫీసుకు పోయినాను. సర్వే నంబర్ అడిగినాం, నక్షాలో బాట ఉందా అని చూపించమన్నాం. వక్ఫ్ బోర్డులో రిజిస్టర్ అయిందా, గెజిట్‌లో ఉందా, 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించినారా అని అడగాల్సిన పని ఇంకా ఉంది. తిరుగుతున్నాను.

మీరు కూడా ఈసారి పండుగకు ఊరికి పోయినప్పుడు ఫాతిహా చదివి ఊరికే తిరిగి రావద్దు. సర్వే నంబర్ కనుక్కోండి. బాట ఎటునుంచి ఎటు పోతుందో మీ పిల్లలను నడిపించి చూపించండి. అల్లా మా ఫుప్పీకి, ఫుప్పాకు మగ్ఫిరత్ చేయుగాక. ఆమీన్.