పడమటి గోడ దగ్గర మొదలుపెడతాం

కేరళలో ఏ పాత సినగాగ్ పని చేతికొచ్చినా నేను ముందు పడమటి గోడ దగ్గరికి వెళ్తాను. అక్కడివాళ్లకు జెరూసలేము పడమటి దిక్కు. అందుకే తోరా చుట్టలు భద్రపరిచే హేఖాల్ అనే కొయ్య మందసం ఆ గోడకే ఆని ఉంటుంది. గుమ్మం తూర్పున. నడిమధ్యన కటకటాలు కట్టిన ఎత్తైన వేదిక, దాన్ని తేబా అంటారు. గోడల వెంట బల్లలు. కప్పు కూలినా, రంగులు పోయినా ఈ అమరిక తెలిస్తే మిగతాదంతా చదవగలం.

కట్టడాల పరిరక్షణ నా వృత్తి. గుళ్లు, చర్చిలు, మసీదులు అన్నీ చేశాను. కానీ సినగాగ్‌లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది పైఅంతస్తులో ఉండే రెండో తేబా. ఇది కొచ్చి యూదుల ప్రత్యేకత. సబ్బాతునాడు, పండగల్లో తోరా చదివే మనిషి కింది వేదిక వదిలి మెట్లెక్కి పైకి వెళ్లేవాడు. ఆయన వెనకే కొయ్య జాలీ, జాలీ అవతల ఆడవాళ్లు కూర్చునే గది. మగవాళ్లు కింద ఉండగా, చదివే గొంతు ఆడవాళ్లకు చేతికందేంత దగ్గరగా వినిపించేది. ఆ బాల్కనీ బరువంతా కొన్ని దూలాలూ సన్నటి స్తంభాలూ మోస్తాయి. వాటి కుసులు చెదలు తినేస్తే మొత్తం దూలం తీసేయమని తొందరపెట్టేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. పాడైన మేరకే కోసి, అదే జాతి టేకు అతికి, పాత కుసి ఎలా ఉందో అలాగే చెక్కిస్తాం. గట్టి కొయ్య అంగుళం మిగిలినా అది ఉండాల్సిందే.

ఆ చెక్కడం అక్కడి ఆశారుల, అంటే వడ్రంగుల, చేతిపని. పైకప్పు గడుల్లోని తామరపూలు చూసి, మాతో పనిచేసే పెద్దాశారి ఒకాయన, "సార్, ఈ పువ్వు మా అమ్మవారి గుళ్లో కూడా ఉంది, ఉలి పట్టిన తీరు ఒకటే" అన్నాడు. నిజమే. కొచ్చిలోని మట్టాంచేరిలో పరదేశి సినగాగ్‌కూ రాజభవనం గుడికీ మధ్య ఒక్క గోడే అడ్డం. 1568లో ఆ సినగాగ్ కట్టుకోవడానికి స్థలమిచ్చింది కొచ్చి రాజు. నేలమీది నీలి రంగు పలకలు 18వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చాయి, దీపాల గాజు ఐరోపాది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లడం మలయాళ దేశపు అలవాటు. హేఖాల్ మీద తీగలు, ఆకులు, పూలు అల్లుకుని ఉంటాయి, మనిషి రూపం మాత్రం కనబడదు. వాళ్ల ధర్మం గీసిన హద్దు లోపల వడ్రంగి తనకు తెలిసిన అందమంతా పెట్టాడు.

గోడలు ఎర్రటి లాటరైట్ రాయి. తేమ లోపలికీ బయటికీ పోతూ ఉంటేనే అవి బతుకుతాయి. వెనకటి మరమ్మతుల్లో వాటికి సిమెంటు మెత్తి ఉంటారు. దాని వెనక నీరు నిలిచి రాయి పొడిపొడిగా రాలుతుంది. ఆ సిమెంటు జాగ్రత్తగా ఊడదీసి డంగు సున్నం పూయడమే మా పనిలో సగం. కొయ్య మీది రంగైతే పొర తరవాత పొర చిన్న కిటికీ అంత మేర గీకి, అట్టడుగున ఏముందో చూసి గానీ కుంచె ముట్టుకోం.

పరంజా ఎక్కే ముందు పనివాళ్లకు ఒక మాట గట్టిగా చెబుతాను. అటక మీద గానీ, బల్లల సందుల్లో గానీ హీబ్రూ అక్షరాలున్న కాగితం ముక్క దొరికితే ఊడ్చేయకూడదు, తొక్కకూడదు. దేవుడి పేరున్న రాత పాతబడితే యూదులు దాన్ని పారేయరు. ఒకచోట దాచి, తరవాత భూమిలో పూడ్చిపెడతారు. ఆ మాట మా కుర్రాళ్లకు విడమరచాల్సిన అవసరం రాలేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే పిల్లలే అందరూ.

మాది తెనాలి వైపు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము గోత్రపువాళ్లుగా నమ్మే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు తెలుగులో మాట్లాడుకుంటూ, తమ చిన్న మందిరంలో సబ్బాతు ప్రార్థన చేసుకుంటాయి. దాని పక్కన పరదేశి సినగాగ్ నిలబెడితే శిల్పం సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ సామూహిక ప్రార్థనకు కావలసింది పదిమంది పెద్ద మగవాళ్ల కోరం. నేను పనిచేసే చోట గోడలున్నాయి, ఆ పదిమంది లేరు. కేరళ యూదుల్లో చాలామంది 1950ల్లో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. అందుకే మరమ్మతు చేయించేవాళ్లు కొందరు, చూసేవాళ్లకు తెలియాలని ప్రతి గోడ మీదా ఆరు కోణాల నక్షత్రం వేయమంటారు, నేలకు పాలరాయి పరవమంటారు. అక్కడే నేను పట్టుబడతాను. వచ్చినవాళ్లను గుమ్మం దాటించి, పడమటికి తిప్పి నిలబెట్టి, తేబా చూపిస్తే చాలు. లేని ముద్ర కొత్తగా వేయడం మన పని కాదు.

కేరళలోని పరవూరు సినగాగ్‌లో ఇప్పుడు కనబడే హేఖాల్ నకలు. అసలుది జెరూసలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో, మట్టాంచేరి కడవుంభాగం సినగాగ్ నుంచి తరలించిన చెక్కడాల పైకప్పు కింద, 1995 నుంచి ప్రదర్శనలో ఉంది. కడవుంభాగం సొంత హేఖాల్ ఇజ్రాయెల్‌లోనే మరోచోట, నెహలీం అనే ఊళ్లో ఉంది. ఆ కొయ్య అక్కడ భద్రంగా ఉన్నందుకు సంతోషమే, నకలు చెక్కినవాళ్ల పనితనం మీదా నాకు గౌరవమే. కానీ నకలును నకలని పక్కనే రాసిపెట్టాలి, చూడ్డానికొచ్చిన స్కూలు పిల్లలకు చెప్పాలి. లోపలి కొయ్య పోయిన కడవుంభాగం డొల్ల గోడలు 2019 సెప్టెంబరు వానలకు కొంతమేర కూలాయి. తరవాత కేరళ పురావస్తు శాఖ దాన్ని చేపట్టింది.

ఇలాంటి కట్టడాన్ని కాపాడే అసలు పని చాలా చవక. ఏటా జూన్ వానలకు ముందు ఒక మనిషి కప్పెక్కి పగిలిన పెంకులు మార్చాలి, చూరు కాలవలోని ఆకులు తీయాలి, గోడలో మొలిచిన రావిమొక్క వేరుతో సహా పీకాలి. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో అందరికీ తెలిసుండాలి. నేను ఏ పని అప్పజెప్పినా చివరి కాగితంలో ఈ నాలుగూ రాసి, ఖర్చుకు విడిగా పద్దు పెట్టమని సంతకం తీసుకున్నాకే పరంజా విప్పిస్తాను.